మా యింటి గొడుగు పేరు

సోదరీమణులారా! మృగశిర కార్తె ప్రవేశింపబోవుచున్నదనగా ప్రతి గృహిణియు అటకమీది గొడుగులను దింపి, కమ్ముల తుప్పు తుడిచి, చినిగినచోట కుట్టు వేసికొనును. మేమును అట్లే చేయుదుము. అయితే మా యింట గొడుగును గొడుగని యెవ్వరును పిలువరు. దాని పేరు ‘యునెస్కో’. “యునెస్కో ఏదీ?”, “మబ్బు పట్టింది, యునెస్కో తీసుకొని పొండి” అను మాటలు మేము కాపురమునకు వచ్చిన కొలదికాలమునుండియు వినుచున్నవే. ఆ పేరు పెట్టినవారు మా మామగారు. గొడుగులు చేయు ఏదో కంపెనీ పేరు కాబోలునని మేమనుకొంటిమి. మా యత్తగారును అట్లే యనుకొనిరి. పిల్లలు బడిలో చదివికొని వచ్చి, “తాతయ్యా! యునెస్కో అంటే చదువులకూ విజ్ఞానానికీ సంబంధించిన ప్రపంచ సంస్థ కదా, మన గొడుగుకు ఆ పేరెందుకు?” అని యడిగినప్పుడు మామగారు నవ్వి యూరకుండిరి. వారు 2011వ సంవత్సరమున పరమపదించిరి. తరువాత గొడుగులు మాఱినవి గాని పేరు మాఱలేదు. ఆ పేరునకు అర్థము మాకు తెలిసినది మఱి తొమ్మిదేండ్లకు, ఒక పెద్దమనిషి మరణించిన మఱునాడు.

ఆ పెద్దమనిషి ముజ్తబా హుసేనుగారు. ఉర్దూ భాషలో హాస్యము వ్రాసి, తాము చేసిన దేశాంతర యాత్రలను చదువరులు పొట్ట పట్టుకొని నవ్వునట్లు వర్ణించి, అర్ధశతాబ్దమునకు పైగా హైదరాబాదు ఇండ్లలో ఉదయపు చాయతోపాటు అలవాటైనవారు. వారు 2020వ సంవత్సరము మే 27వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వయస్సున, ఈ నగరముననే కాలధర్మము నొందిరి. రంజాను పండుగ గడచి అప్పటికి రెండు దినములే. అది కరోనా కాలము. జనసమ్మర్దము లేక ఆబిడ్సు వీథి వెలవెలబోయినది. రైళ్ల సందడి లేక నాంపల్లి స్టేషను మూగవోయినది. వేలాది మందిని నవ్వించిన మనిషిని సాగనంపుటకు ఆ వేలమంది గుమిగూడుటకు వీలులేని దినములవి.

మా యిల్లు నాంపల్లికిని ఆబిడ్సుకును నడుమ నొక సందులో మేడమీద నున్నది. ఎదుటి యింటి క్రింది వాటాలో ఒక వృద్ధురాలు గలరు. వయస్సున మాకంటె చాల పెద్ద. మేమామెను ‘ఆపా’ యని పిలుతుము. ప్రతి పండుగకును ఆమె యింటినుండి షీర్ ఖుర్మా గిన్నె మా యింటికి వచ్చును. ఉగాదినాడు మా యింటి బొబ్బట్లు ఆమె యింటికి పోవును. ఆ యేడు మాత్రము కరోనా భయముచే గిన్నెలు కదలలేదు. మఱునాటి యుదయమున ఆపా తన గుమ్మమున కుర్చీ వేసికొని, ఉర్దూ పత్రిక ఒడిలో పెట్టుకొని కన్నులు తుడుచుకొనుచుండుట చూచి, మేము పైనుండియే “ఏమైంది ఆపా?” యని యడిగితిమి. “మన ముజ్తబా హుసేన్ సాబ్ పోయినారమ్మా. నవ్వించేవాళ్లు కూడా పోతరా అనిపిస్తున్నది” అని యామె బదులు చెప్పెను.

‘మన’ యని యామె యనెను. మాకా పేరే క్రొత్త. అప్పుడు లోపలినుండి మా యత్తగారు వచ్చి, “ఆ పేరు మీ మామ నోట విన్నట్టున్నది. ఆయన పెట్టె తీసి చూడుండ్రి” అనిరి.

మా మామగారు నిజాము కాలమున ఉర్దూలో చదివికొన్నవారు. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, కచేరీలో ఇంగ్లీషు. ఆనాటి తెలంగాణపు పురుషులలో ననేకులకు ఇదియే వరుస. 1918వ సంవత్సరమున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యము, ఇంజనీరింగుతో సహా సమస్త విద్యలును ఉర్దూలోనే బోధింపబడెడివి. దేశ భాషలో ఉన్నతవిద్య నేర్పిన తొలి విశ్వవిద్యాలయమది. 1948వ సంవత్సరపు మార్పుల తరువాత ఆ పద్ధతి పోయెను. ఆ వెనుక పుట్టినవారు తెలుగో ఇంగ్లీషో చదివిరి. కావున తాతలు చదివిన పుస్తకమును మనుమలు తలక్రిందుగ పట్టుకొను కాలము వచ్చినది. మామగారి పుస్తకములు ఒక రేకుపెట్టెలో నుండెడివి. వారి తరువాత ఆ పెట్టెను తెఱచిన వారు లేరు.

ఆనాడు తెఱచితిమి. మాకంటె ముందు చెదలు తెఱచినవి! క్రింది వరుస పుస్తకములు మట్టిముద్దలైనవి. నడిమి వరుసలో పత్రికలనుండి కత్తిరించి దాచిన కాగితములు ఎడమ అంచువైపున కొఱికివేయబడినవి. పైన ఒక పుస్తకము మాత్రము మామగారి కండువాలో చుట్టబడి క్షేమముగా నున్నది. మేము వీనిని బుట్టలో నుంచి, లాక్‌డౌను దినములలో కూరగాయలను చేదుకొను త్రాటితోనే క్రిందికి దింపితిమి. ఆపా కుర్చీ జరుపుకొని, కళ్లజోడు సవరించుకొని, ముందుగా కాగితములు తీసెను. ఉర్దూ పంక్తి కుడినుండి యెడమకు నడచును గదా! చెదలు ఎడమనుండి వచ్చినవి గనుక వాక్యముల చివరలు పోయినవి. హాస్యమునకు ప్రాణము చివరనే యుండును. ఆపా మొదలు చదువును, చివర తాను ఊహించును, తానే నవ్వును. “ఈ చెదపురుగులకు కూడ తెలుసమ్మా మజా ఎక్కడుంటదో” అని యామె యనెను. వెంటనే ఏదో స్మరణకు వచ్చి, “ఆయన వీటి మీద కూడ వ్రాసినారు!” అని చెప్పెను. గ్రంథాలయములో కాపురమున్న చెదల రాణితో తమకు జరిగిన సమావేశమును గూర్చి హుసేనుగారు వ్రాసిన వ్యాసము ఉర్దూ చదువరులకు సుప్రసిద్ధము. మనుష్యులు తెఱువని పుస్తకములను చెదలైనను తెఱచుచున్నవి గదా యను ఎత్తిపొడుపు దానిలోనిది. మా పెట్టె యెదుట కూర్చుండి ఆ మాట వినిన మాకు నవ్వు వచ్చినది. సిగ్గును వచ్చినది.

తరువాత ఆమె కండువా విప్పి పుస్తకము చేతికి తీసికొనెను. “జపాన్ చలో, జపాన్ చలో” అని పేరు చదివెను. 1980వ సంవత్సరమున పుస్తక ప్రచురణమునకు సంబంధించిన యునెస్కో శిక్షణ సమావేశమునకై హుసేనుగారు టోక్యో నగరమునకు పోయిరి. ఆ యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథము 1983వ సంవత్సరమున వెలువడెను. ఆపా పుటలు త్రిప్పుచు ఒకచోట ఆగి, ప్రకరణపు పేరు పైకి చదివెను: “యునెస్కో కీ ఛత్రీ.”

ఛత్రీ యనగా గొడుగని మాకు తెలియును. మేమును మా యత్తగారును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. ఎవ్వరికిని మాట రాలేదు. గోడ మేకునకు మా ‘యునెస్కో’ వ్రేలాడుచునే యున్నది.

ఆపా ఆ ప్రకరణమంతయు మాకు సగము ఉర్దూలో సగము తెలుగులో వినిపించెను. పరదేశమున చేతికి వచ్చిన ఒక్క గొడుగు మనిషిని ఎన్ని తిప్పలు పెట్టగలదో యని ఒక ప్రకరణమంతయు నవ్వించిన చమత్కారమది. మేడమీద మేము, సందులో ఆపా, ప్రక్క గుమ్మములలో మూతి గుడ్డలు కట్టుకొన్న పిల్లలు, అందఱమును నవ్వితిమి. ఆ వేసవిలో మా సందు నవ్వుట అదియే మొదలు. నవ్వు తగ్గిన పిమ్మట మా యత్తగారు మెల్లగా ననిరి: “యాభై ఏండ్లు ఆయన నవ్వు విన్న. ఎందుకు నవ్వుతున్నరని ఒక్కనాడన్న అడగకపోతి.”

సోదరీమణులారా! మేము ఈ నెల ఈ సంగతి వ్రాయుటకు ఆ యొక్క మాటయే కారణము.

హుసేనుగారి జీవితమును గూర్చి తరువాత మేము తెలిసికొన్నది కొంత చెప్పెదము. వారు 1936వ సంవత్సరము జూలై 15వ తేదీన గుల్బర్గా జిల్లాలో జన్మించిరి. నేడు కర్ణాటకలోనున్న ఆ జిల్లా ఆనాడు నిజాము రాజ్యములోనిది. ఉస్మానియాలో పట్టము పుచ్చుకొనిరి. వారి అన్నలలో నిరువురు కలము పట్టినవారే. ఇబ్రాహీం జలీసుగారు దేశవిభజనానంతరము పాకిస్తానుకు పోయి అచటనే గొప్ప రచయితగా పేరొంది, 1977లో కరాచీలో మరణించిరి. మహబూబ్ హుసేన్ జిగరుగారు హైదరాబాదుననే యుండి, 1949లో ఆబిద్ అలీ ఖానుగారితో కలిసి ‘సియాసత్’ దినపత్రికను నిలిపిరి. ఒక తల్లి బిడ్డలు రెండు దేశములవారైరి. నవ్వు వ్రాయువాని యింట దుఃఖ ముండదని యెవరనగలరు?

వారు హాస్యరచయిత యగుటయే ఒక మరణమువలన. సియాసత్ పత్రికలో ‘శీషా ఓ తేషా’, అనగా ‘అద్దము-బాడిస’ యను పేర నొక హాస్య శీర్షిక ప్రతిదినము వచ్చెడిది. దానిని వ్రాయుచుండిన కవి షాహిద్ సిద్దీఖీగారు 1962లో హఠాత్తుగా మరణించిరి. శీర్షిక ఆగరాదు. అన్నగారు తమ్మునిచేతికి కలమిచ్చి వ్రాయుమనిరి. అదివఱకు హాస్యము వ్రాయవలెనను తలంపే లేని యిరువదియాఱేండ్ల యువకుడు, ‘కొండలు కొలుచువాడు’ అను అర్థము వచ్చు ‘కోహ్‌పైమా’ యను మాఱుపేరుతో పని ప్రారంభించెను. మన యిండ్లలో పెద్దకోడలు కాలముచేసినప్పుడు చిన్నకోడలు కన్నీరు తుడుచుకొని పొయ్యి రాజవేయదా? అట్టిదే యిది. దుఃఖమున్నను పూట గడవవలెను, పదిమందికి వడ్డింపవలెను. అట్లు బాధ్యతగా మొదలైన వడ్డన యాబదియేండ్లకు పైగా సాగెను.

1972లో వారు ఢిల్లీకి పోయిరి. ఉర్దూ భాషాభివృద్ధికై గుజ్రాలుగారి అధ్యక్షతను కేంద్ర ప్రభుత్వము నియమించిన సంఘమునను, పిదప పాఠ్యపుస్తకములను ప్రచురించు జాతీయ విద్యా పరిశోధన శిక్షణ సంస్థలోను ఉద్యోగము చేసిరి. ఢిల్లీలో నుండియు హైదరాబాదును మఱువలేదు. తరువాతి కాలమున సియాసత్ ఆదివారపు పుటలలో వారి శీర్షిక మరల నిలిచెను. మా మామగారు ఆదివారపు ఉదయమున వరండాలో నొంటరిగా నవ్వుచుండిన నవ్వు దానిదే! ఒకటి రెండు మార్లు, “ఒకసారి ఇటు రామ్మా, ఇది విను” అని వారు మమ్ము పిలిచిన జ్ఞాపకము. పొయ్యిమీద పప్పు పొంగుచున్నదని మేము పోలేదు. పప్పు ప్రతిదినము పొంగును. పిలుపు ప్రతిదినము రాదు.

వారి యాత్రారచనలోని గుణమేమని మీరడుగుదురేమో! మన తెలుగువారికి యాత్రాచరిత్రలు క్రొత్తవి గావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికి పోయి వచ్చి, ఏ యూర నేమి దొరకునో, ఏ త్రోవ యెట్లుండునో పూసగ్రుచ్చినట్లు వ్రాసిపెట్టిరి. పోతం జానకమ్మగారను తెలుగు సోదరి 1870 దశకముననే ఇంగ్లండు చూచి వచ్చి ఆ విశేషములను గ్రంథస్థము చేసిరి. ఇక ప్రయాణములోని నవ్వన్నచో మనకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము స్మరణకు వచ్చును. 1924లో మొదటి భాగము వెలువడిన నాటినుండి ఆ మొగలితుఱ్ఱు చిన్నవాడు రైలెక్కుచు, ఓడ యెక్కుచు మన యిండ్లలో నవ్వులు పూయించుచునే యున్నాడు. అయితే పార్వతీశము కల్పితుడు. హుసేనుగారు తమకు తామే పార్వతీశమైరి! తెలియనివాడు, తడబడువాడు, మోసపోవువాడు, అంతయు తానే. విదేశము పోయి వచ్చినవారు సాధారణముగ రెండు తెఱగుల మాటలాడుదురు. “అచ్చటివన్నియు గొప్ప, మనవన్నియు తక్కువ” యని కొందఱు. “అచ్చట నేమున్నది, మనదే గొప్ప” యని మఱికొందఱు. హుసేనుగారు మూడవ తెఱగు చూపిరి. పరుల యింట తమ తెలివితక్కువను చూచి తాము నవ్విరి. తన్ను చూచి తాను నవ్వుకొను అతిథిని ఏ యింటివారు ఆదరింపరు?

ఇది గృహిణులమైన మనకు మిక్కిలి పనికివచ్చు గుణము. క్రొత్తకోడలు అత్తవారింట అడుగుపెట్టుట కంటె పెద్ద దేశాంతర యాత్ర గలదా? భాష వేఱు, ఉప్పు వేఱు, పప్పులో పులుపు వేఱు. “మా పుట్టింట నిట్లు కాదు” అనుచు పోయిన కోడలికి ఆ యిల్లు పరదేశముగానే యుండిపోవును. తన తొట్రుపాటునకు తానే మొదట నవ్వగలిగిన కోడలు మూడు నెలలలో ఆ యింటిదగును. పశ్చిమ దేశముల పర్యటనలను గూర్చియు హుసేనుగారు వ్రాసిరి. ఆ వ్యాసములు 1995లో ‘సఫర్ లఖ్త్ లఖ్త్’, అనగా ‘తునుకలు తునుకలైన ప్రయాణము’ అను గ్రంథమున వెలువడెను. ఎచటికి పోయినను వారి మూట యొక్కటే, తన మీది నవ్వు. దానికి రైలులో తూకము లేదు, విమానములో సుంకము లేదు.

స్నేహితుల రూపురేఖలను గీచుటయందును వారు ప్రసిద్ధులు. వాత పెట్టినట్లుండదు, వెన్న రాచినట్లుండదు. లోపములు చెప్పుచునే మనిషిమీద ప్రేమ కలిగింతురు. 2007లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 2019 డిసెంబరు నెలలో, పౌరసత్వ చట్ట సవరణపై దేశమున కలత రేగినప్పుడు, దేశస్థితికి మనస్సు నొచ్చి ఆ బిరుదమును తిరిగి యిచ్చివేయుచున్నట్లు ప్రకటించిరి. అప్పటికి వారికి ఎనుబదిమూడేండ్లు. ఆ నిర్ణయమును మెచ్చువారును మెచ్చనివారును గలరు. ఒక్కటి మాత్రము నిజము. జీవితమంతయు నవ్వించినవాడు నవ్వు మాని పలికిన మాట తేలికగా పలికినది కాదు.

ఆబిడ్సును నాంపల్లిని నేడు చూచు మా కన్నులు వేఱు. నిజాము కొలువున నుండిన ఆబిద్ అను ఆర్మీనియా దేశస్థుడు తెఱచిన దుకాణమువలన ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినది. నాంపల్లి రైలు స్టేషను 1907లో వెలసెను. ఈ రెంటి నడుమ పదిహేను నిముషముల నడక. ఆ నడకలో ఎన్ని భాషలు చెవిని బడునో మేము లెక్కింపలేదు గాని, తెలుగు, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ, కన్నడము నిత్యము వినుచునే యున్నాము. ఆబిడ్సులో ఒకప్పుడు ‘ఓరియంటు’ అను హోటలుండెడిది. మఖ్దూం మొహియుద్దీను వంటి కవులు, పత్రికలవారు, రాజకీయ కార్యకర్తలు అచట చాయ త్రాగుచు గంటల తరబడి సంభాషించెడివారు. యౌవనమున హుసేనుగారును ఆ కూటములలోనివారే. నేడా హోటలు లేదు. సియాసత్ పత్రిక యాబిడ్సులోని జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డుమీదనే యున్నది. మేము చీరలకని, పిల్లల పుస్తకములకని ఆ మార్గమున నడిచినది వందలమార్లు. లోపల నొకరు కూర్చుండి మా మామగారి ఆదివారపు నవ్వును సిద్ధము చేయుచున్నారని యే నాడును ఎఱుగము. జపానునుండి నవ్వు మోసికొని వచ్చినవాడు మా యింటికి పదిహేను నిముషముల దూరమున నుండగా, ఆ నవ్వు మాకు చేరుటకు నలువదేండ్లు పట్టినది!

వారి వ్యాసములలో ‘ఉర్దూ ఆఖరీ చదువరి’ యనునది యొకటి ప్రసిద్ధము. ఆ భాష చదువువాడు లోకమున నొక్కడే మిగిలిన కాలమును తలచుకొని నవ్వించిన వ్రాత యది. నవ్వు పైపొర, భయము లోపొర. ఆపా ఆ మాట చెప్పినప్పుడు మాకు తోచినదేమనగా, మా యింటిలో ఆ యాఖరి చదువరి 2011లోనే పోయిరి. ఆయన పోయినప్పుడు మామగారు పోయిరని యేడ్చితిమి. ఆయనతో ఒక భాషయు మా గడప దాటినదని యెఱుగమైతిమి.

తప్పెవరిదని మేము వాదింపబోము. కాలము మాఱినది, బడులు మాఱినవి. బ్రదుకుతెరువునకు ఏ భాష కావలెనో అది పిల్లలకు నేర్పితిమి. అయితే బ్రదుకుతెరువునకు కావలసిన భాష వేఱు, ఇరుగుపొరుగుతో నవ్వుటకు కావలసిన భాష వేఱు. పొరుగింటివారితో కలిసి దుఃఖించుటకు భాష అక్కఱలేదు. వారి వాకిట నిలువబడిన చాలును. కలిసి నవ్వుటకు మాత్రము భాష కావలెను. అందుచేతనే పొరుగువారి హాస్యము తెలియనివారు పొరుగువారిని సగమే యెఱుగుదురని మేమందుము.

కావున సోదరీమణులకు మా విన్నపము లివి. మొదటిది, మీ యింట పెద్దలు పాత పుస్తకము పట్టుకొని నవ్వుచున్నచో, పొయ్యి క్షణకాలము దింపియైనను “ఏమున్నది అందులో?” యని యడుగుడు. వారు చెప్పినదానిని మీకు తెలిసిన లిపిలో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. రెండవది, ఇంట నున్న పాత పుస్తకములు ఏ లిపిలోనివైనను, చదువరాదని పాతకాగితముల వానికి తూచి యీయకుడు. ఏడాదికి రెండుమార్లు పెట్టెలు తెఱచి, పుస్తకములను నీడపట్టున గాలికి ఆరబెట్టి దుమ్ము దులుపుడు. తడినేలకును గోడకును ఆనింపక పీటలమీద నుంచుడు. ఎండిన వేపాకు నడుమ నుంచిన పురుగు కొంత తగ్గును గాని, చెదలు రాకుండుటకు తఱచు తెఱచి చూచుటయే అసలైన మందు. చెదలకు మనుష్యుని చేయి తగిలిన చోటు గిట్టదు. మూడవది, వీలయినవారు పొరుగు లిపిని నేర్చికొనుడు. హిందీ వచ్చినవారికి ఉర్దూ మాటలు సగము వచ్చినట్లే. మిగిలినవి అక్షరములే గదా! లిపి నేర్వలేనివారికి హుసేనుగారి పుస్తకములు కొన్ని హిందీలోను వెలువడినవి. ఉర్దూ మూలములు అంతర్జాలమున చదువుటకు దొరకుచున్నవి. ఆదివారము ఆబిడ్సు కాలిబాటలమీద పఱచు పాత పుస్తకములలో ఉర్దూవి కానవచ్చినప్పుడు పేరైనను అడిగి తెలిసికొనుడు.

మేము ఆ వేసవిలోనే ఆపా యొద్ద అలిఫ్, బే మొదలుపెట్టితిమి. మొదట సందునకు ఇవతలి నుండి, రాకపోకలు తెఱపైన పిమ్మట ఆమె చాపమీద కూర్చుండి. ఈ వయస్సున అక్షరాభ్యాసమేమని మా పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి. తన్ను చూచి తాను నవ్వుకొనుట హుసేనుగారివలన నేర్చిన తొలి పాఠము గదా! ఇప్పటికి కూడబలుకుకొని ఒక పుట చదువుటకు గంట పట్టుచున్నది. చెదలు తినిన పంక్తుల చివరలను ఆపావలె ఊహింపలేము. కాని యొక ఆదివారము ఒక వాక్యము చివరివఱకు మాకు మేమే చదివి, ఎవరును చెప్పకుండనే నవ్వితిమి. మా యత్తగారు వంటింటినుండి వచ్చి, మా ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, “ఎందుకు నవ్వుతున్నవో చెప్పు” అనిరి.

చెప్పితిమి. బయట మబ్బు పట్టినది. కూరగాయలకని బయలుదేరుచున్న మా పెద్దమ్మాయి గుమ్మమున నిలిచి, మేకువైపు చేయి చాచి, “యునెస్కో ఇటివ్వు నానమ్మా!” అనెను. ఈమాఱు మా యత్తగారు గొడుగు నందించుచు, ఆ పేరు ఎట్లు వచ్చినదో దానికి మొదటినుండి చెప్పసాగిరి.